సీనియారిటీ ప్రకారం సైకిళ్ళు

కాకినాడలో తీరప్రాంత శీతల గిడ్డంగుల పర్యవేక్షణ సంస్థ వారి జిల్లా కార్యాలయం ఒకటుంది. జిల్లాలో ఆ సంస్థ పర్యవేక్షించవలసిన గిడ్డంగులు రెండే రెండు. వాటిలో ఒకటి మూతపడి ఆరేళ్ళయింది. రెండోదాన్ని ఎవరూ వెళ్ళి చూడకపోవడం వల్ల అది బాగానే నడుస్తోంది. అయినా కార్యాలయంలో ఉన్న పదమూడు మందికీ ఊపిరాడనంత పని. ఒకరికొకరు రాసుకునే ఉత్తరాలే రోజుకి నలభై దాకా ఉండేవి మరి.

ఆ ఉత్తరాలకి నంబర్లు వేసే టపా బల్ల దగ్గర కూర్చునే జూనియర్ అసిస్టెంటు వింధ్య. ఆమెకి పెళ్ళయి పది వారాలయింది. పది వారాలంటే ఆమె లెక్కలో పది రోజులే. భర్త సింహాద్రి విజయనగరంలో జూనియర్ కాలేజీ లెక్కల మాస్టారు. శనివారం సాయంత్రం రైలెక్కి వస్తాడు, ఆదివారం సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతాడు. ఆ ఒక్క రోజులోనే ఇద్దరూ కలిసి పాలు పొంగించి, పొంగిన పాలు తుడిచి, మేడమీద ఆరిన దుప్పటి చెరో కొసా పట్టుకుని మడిచి, మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ మడిచేవారు. మిగతా ఆరు రోజులూ వింధ్యకి ఆ దుప్పటి గుర్తొచ్చి నవ్వొచ్చేది.

భార్యాభర్తల కోటాలో విజయనగరం బదిలీ కోసం ఆమె పెట్టుకున్న అర్జీ జిల్లా మేనేజరు వైకుంఠరావు గారి బల్లమీద, గాజు పేపర్ వెయిట్ కింద, ఎంతో భద్రంగా ఉంది. దానిమీద ఆయన 'సిఫారసు చేయడమైనది' అని సంతకం పెడితే చాలు. పెడితే అది మే ముప్ఫై ఒకటో తారీఖు సోమవారం సాయంత్రం అయిదింటిలోగా విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయం చేరాలి. ఆ తర్వాత బదిలీల తలుపులు మళ్ళీ ఏడాది దాకా తెరవరు.

సరిగ్గా ఆ ఏప్రిల్లోనే ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రధాన కార్యాలయంలో ఏ పెద్దాయనకి ఏ డాక్టరు ఏం చెప్పాడో తెలియదు.

'ఆరోగ్యవంతుడైన ఉద్యోగియే ఆర్ద్రహృదయుడు కాగలడు. కావున ప్రతి జిల్లా కార్యాలయమును ఒక సైకిలు దళమును ఏర్పరచుకొని, ఆదివారములందు స్వచ్ఛంద సంస్థలు నిర్వహించు ధార్మిక సైకిలు యాత్రలలో స్వచ్ఛందముగా పాల్గొనవలెను. స్వచ్ఛందముగా పాల్గొననివారిపై చర్య తీసుకొనబడును.'

ఆదివారములందు అన్న మాట దగ్గర వింధ్య ప్రాణం ఉసూరుమంది. కానీ ఏడో పేరా చదివేసరికి లేచొచ్చింది. నిర్వాహకులు పెట్టిన సమయంలోగా ఒక్క యాత్రనైనా దళమంతా కలిసి పూర్తిచేస్తే, దళ సభ్యుల పెండింగు అర్జీలన్నీ వారంలో పరిష్కరిస్తారట.

సర్క్యులర్ పట్టుకుని, అర్జీ సంగతి అడగడానికి మేనేజరు గదిలోకి వెళ్ళింది. వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మాయ్, నిన్నటిదాకా అయితే నేను సంతకం పెట్టగలిగేవాణ్ణి. ఇప్పుడు ఏడో పేరా వచ్చింది. ఏడో పేరా ఉండగా మామూలుగా సంతకం పెడితే ఏడో పేరాని ధిక్కరించినట్టవుతుంది."

"నిన్నటిదాకా ఎందుకు పెట్టలేదు సార్?"

"నిన్నటిదాకా ఏడో పేరా లేదు కదమ్మా!" అన్నారాయన, ఇంత చిన్న విషయం అర్థం కానందుకు జాలిపడుతూ.

దళం తయారైంది. సైకిలు తొక్కడం వచ్చా రాదా అన్న అల్పవిషయం జోలికి ఎవరూ పోలేదు. సీనియారిటీ జాబితా తీసి పైనుంచి కిందికి పేర్లు రాశారు. మొదటి పేరు వైకుంఠరావు గారిది, పన్నెండోది వింధ్యది. పదమూడోవాడు అటెండరు బుల్లబ్బాయి. యాభై ఏడేళ్ళవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తూరంగి నుంచి రోజూ సైకిలు మీదే ఆఫీసుకొస్తున్నాడు. దళం మొత్తంలో సైకిలుతో నిజంగా పరిచయం ఉన్నవాడు కాబట్టి అతనికి గాలి పంపు మోసే బాధ్యత అప్పగించారు.

వైకుంఠరావు గారు సైకిలెక్కి ఇరవై ఏళ్ళు దాటింది. అయిదు రోజులు ఆఫీసు ఆవరణలో బుల్లబ్బాయి వెనక క్యారేజి పట్టుకుని పరిగెడుతూ ఆయనకి నేర్పాడు. "ముందుకి చూడండి సార్, చక్రం కేసి కాదండి" అని బుల్లబ్బాయి అంటే, "చక్రం సక్రమంగా తిరుగుతోందో లేదో పర్యవేక్షించవద్దుటయ్యా?" అనేవారాయన.

మొదటి యాత్ర కంటి ఆసుపత్రి కోసం. తెల్లారుజామున రోడ్డు ఖాళీగా ఉంది. సముద్రపు గాలి వెనకనుంచి తోస్తోంది. వింధ్యకి కాలేజీ రోజులు గుర్తొచ్చి రెండు తొక్కులు గట్టిగా తొక్కింది. మేనేజరు గారు రెండుసార్లు కింద పడడంతో దళం గమ్యం చేరేసరికి సమయం మించిపోయింది. మర్నాడు వింధ్య బల్లమీద మెమో ఉంది.

'తమరు నిన్నటిదినము ఉదయం 6.20 ని.లకు భానుగుడి కూడలి వద్ద జిల్లా మేనేజరు వారిని కుడివైపు నుండి అధిగమించియున్నారు. అధిగమించు సమయమున చిరునవ్వు కూడ నవ్వినట్లు సాక్ష్యము కలదు. తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.'

'గాలి అనుకూలంగా ఉన్నందున అధిగమించడం జరిగింది' అని వింధ్య సంజాయిషీ రాసింది. 'చిరునవ్వు పెళ్ళయిన నాటి నుంచీ ఉన్నదే. అది కార్యాలయాన్ని ఉద్దేశించినది కాదు.'

సాక్ష్యం చెప్పినావిడ సూపరింటెండెంటు సత్యవాణి గారు. ఆవిడకి నిబంధనలంటే ప్రాణం. ఆఫీసులో మంచినీళ్ళ కుండకి కూడా ఆవిడ రాసిన నిబంధనలు గోడకి అంటించి ఉంటాయి. ఆ వారంలోనే ఆవిడ సైకిలు నియమావళి తయారుచేశారు. దళం సీనియారిటీ ప్రకారం ఒకరి వెనక ఒకరు సాగాలి. హోదాకీ హోదాకీ మధ్య మూడు మీటర్ల ఖాళీ ఉండాలి. అధికారి అనుమతి లేకుండా కిందివారు పైవారిని దాటకూడదు. బెల్లు కొట్టే అధికారం మేనేజరుకీ సూపరింటెండెంటుకీ మాత్రమే ఉంది. మిగతావారికి అవసరం పడితే పైవారిని కొట్టమని కోరవచ్చు.

రెండో యాత్రలో వైకుంఠరావు గారి చక్రం పంక్చరయింది. ఆయన ఆగారు. వెనక పన్నెండుగురూ ఒక కాలు నేలకానించి ఆగిపోయారు.

"మీరు సాగండి, నేను బాగుచేయించుకుని వస్తాను" అన్నారాయన ఉదారంగా.

"ఎలా సాగుతాం సార్?" అన్నారు సత్యవాణి గారు. "మీరు లేకుండా మొదటి స్థానంలో నేను సాగితే, ఆ స్థానానికి నాకు ఇన్‌చార్జి ఉత్తర్వు ఉండాలి. లేకపోతే అది అనధికార ప్రయాణం."

కనక రోడ్డు పక్కన ఒక చిల్లర కొట్టు గట్టుమీద కూర్చుని ఉత్తర్వు రాశారు. 'పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది.' సత్యవాణి గారు బాధ్యతలు స్వీకరించి రెండు వందల గజాలు సాగారు. అంతలో చక్రం బాగై వైకుంఠరావు గారు వచ్చి బాధ్యతలు తిరిగి స్వీకరించారు. ఆ ప్యాచి మంచిది కాదు. ఆ ఉదయం అది ఆరుసార్లు ఊడింది. మొత్తం మీద అధికారం ఏడుసార్లు చేతులు మారింది.

అయితే అందులో ఒక మంచి జరిగింది. వైకుంఠరావు గారి గదికి ఏసీ కావాలి. ఎవరూ తన సొంత విషయం తానే మంజూరు చేసుకోకూడదన్న పాపిష్టి నిబంధన ఒకటుంది. అయిదో పంక్చరు సమయంలో సత్యవాణి గారు ఇన్‌చార్జి మేనేజరు హోదాలో ఆ ఏసీని మంజూరు చేసేశారు. అప్పటి నుంచీ అధికారి రోడ్డుమీద ఉంటే కార్యాలయం కూడా రోడ్డుమీద ఉన్నట్టే లెక్క అని తేలింది. పెండింగు కాగితాలు, రబ్బరు స్టాంపు, సిరా డబ్బా అన్నీ యాత్రకి రావాలి. టపా విభాగం వింధ్యది కాబట్టి అవి ఆమె సైకిలు బుట్టలోకి చేరాయి. ఆమె అర్జీ కూడా అందులోనే, ఆమెతోపాటే ఊరేగేది.

ఒక్క ఉదయం ఏడు ఉత్తర్వులు రాయడం కష్టమని ప్రధాన కార్యాలయాన్ని సలహా అడిగారు. జవాబు మూడు రోజుల్లో వచ్చింది. 'యాత్రలో అందరికంటె ముందు సాగుచున్న సభ్యుడే ఆ క్షణమునకు జిల్లా మేనేజరుగా పూర్తి బాధ్యతలు వహించుచున్నట్లు భావింపబడును. ప్రత్యేక ఉత్తర్వు అవసరము లేదు. లోగడ జారీచేసిన ఏడు ఉత్తర్వులకు బదులుగ కూడ ఇదే నియమము వర్తించును.'

అన్నిటికంటే సంతోషించినవాడు సింహాద్రి. మొదటి ఆదివారం పోయినప్పుడు మొహం వేలాడేసుకున్నాడు కానీ, దళం వేగం చూశాక అతనికి ప్రాణం కుదుటపడింది. పెళ్ళాం సైకిలు పక్కన హాయిగా నడిచి వెళ్ళొచ్చు! చేతిలో పెసరట్టు పొట్లం పట్టుకుని, ముక్క తుంపి ఆమెకందిస్తూ, లోకాభిరామాయణం చెబుతూ పన్నెండు కిలోమీటర్లు నడిచేవాడు. ఒక్కోసారి అతనే ముందుకెళ్ళి ఆగి, వాళ్ళొచ్చేదాకా చెట్టుకింద నిలబడేవాడు.

"ఏటి వింధ్యా, పెళ్ళి ఊరేగింపు కూడా ఇంతసేపు జరగలేదు మనకి" అన్నాడోసారి.

"నవ్వించకండి. నవ్వితే మెమో ఇస్తారు" అందామె.

మూడో యాత్ర రక్తదానం కోసం. దళం చేరేసరికి రక్తం ఇచ్చినవాళ్ళు బిస్కెట్లు తిని, ఇళ్ళకెళ్ళి, భోంచేసి పడుకున్నారు. నాలుగో యాత్రలో షామియానా కూడా లేదు. గుంజలు పాతిన కన్నాలున్నాయి. ఆ కన్నాల దగ్గర వరసగా నిలబడి, సీనియారిటీ ప్రకారం ఫొటో దిగి వచ్చారు.

అయిదోది మే ముప్ఫయ్యో తారీఖున. మర్నాడే గడువు. సామర్లకోట రోడ్డులో పద్నాలుగు కిలోమీటర్లు. కిడ్నీ రోగులకి రక్తం శుద్ధిచేసే యంత్రం కోసం రిటైరైన నర్సు రాహేలమ్మ గారు పెట్టిన యాత్ర అది.

"తొమ్మిదింటికి గేటు మూసేస్తాం సార్" అని ఆరింటికి జెండా ఊపే ముందే ఆవిడ చెప్పింది. "దండలెయ్యడానికి మా పేషెంట్లే వచ్చి నిలబడతారు. పాపం ఎండలో ఉండలేరు."

"సమయపాలన మా రక్తంలోనే ఉందమ్మా" అన్నారు వైకుంఠరావు గారు.

నిజంగానే ఆ రోజు ఆయన కింద పడలేదు. ప్యాచి ఊడలేదు. ఎనిమిదిన్నర దాటేసరికి పన్నెండు కిలోమీటర్లు అయిపోయాయి. ఇంకో రెండే రెండు కిలోమీటర్లు. ఇలాగే సాగితే తొమ్మిదికి రెండు నిమిషాల ముందు చేరతారు. ఏడో పేరా నెరవేరుతుంది.

అప్పుడు వైకుంఠరావు గారికి రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి కనబడింది.

ఆయన ఆగారు. పన్నెండు కాళ్ళు నేలకానాయి. బోండాం కొట్టించి, గొట్టం వేయించుకుని, నీళ్ళు తియ్యగా లేవని ఇంకోటి కొట్టించారు.

"సార్!" అని వెనకనుంచి వింధ్య పిలిచింది. "టైమైపోతోంది సార్. రేపే ఆఖరి రోజు!"

"ఆరోగ్యవంతుడైన ఉద్యోగి కావాలన్నారమ్మా పైవాళ్ళు. సర్క్యులర్ మొదటి వాక్యం అదే. ఏడో పేరా ఆ తరవాతే కదా వచ్చేది?" అని ఆయన గొట్టం నోట పెట్టుకున్నారు.

వింధ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన సింహాద్రి బోండాం కేసీ, చేతి గడియారం కేసీ చూశాడు. తరవాత తరగతిలో పిల్లల్ని అడిగినట్టు అడిగాడు.

"వింధ్యా, ముందు సాగుతున్నోళ్ళే ఆఫీసరని కదా రాశారు? ఆయన ఇప్పుడు సాగుతున్నాడా?"

"లేదు. తాగుతున్నారు."

"మరైతే ఇప్పుడు ఆఫీసరెవరు?"

వింధ్య ఆలోచించింది. "ఎవరూ లేరు."

"ఖాళీగా ఉందన్నమాట!" అన్నాడతను. లెక్క తెగినప్పుడు లెక్కల మాస్టార్ల మొహంలో వచ్చే వెలుగు అతని మొహంలో వచ్చింది.

వెనకనుంచి బుల్లబ్బాయి దగ్గాడు. "ఎండెక్కేత్తందండి అమ్మాయిగారూ. ఎల్తే ఎల్లిపొండి. నా సైకిలుకి నిలబడ్డం అలవాట్లేదండి, అలిగేత్తాది."

వింధ్య పెడలు తొక్కింది. పదకొండో సీనియర్ని దాటుతూ "నమస్కారమండీ" అంది. పదో ఆయనకీ నమస్కారం పెట్టింది. పెద్దలందరికీ పేరుపేరునా మర్యాద చేస్తూ, రెండో స్థానంలో ఉన్న సత్యవాణి గారిని దాటి, మేనేజరు గారి పక్కనుంచి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళింది. ఇన్నాళ్ళుగా మోగని బెల్లు. దాని గొంతు ఎంత బాగుంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

"అమ్మాయ్! ఆగు! సీనియారిటీ!" అని వైకుంఠరావు గారు అరవబోతే కొబ్బరినీళ్ళు కొరబోయాయి. సత్యవాణి గారు మాత్రం గడియారం చూసుకుని, అలవాటు కొద్దీ పుస్తకంలో '8.41' అని రాసుకున్నారు.

బుల్లబ్బాయి కూడా వెనకాలే వచ్చేశాడు. సింహాద్రి పరుగు లంకించుకున్నాడు.

"అనుమతి లేకుండా దాటావని రేపు పట్టుకుంటారు" అన్నాడు రొప్పుతూ.

"అధికారి అనుమతి కదా కావలసింది? ఇప్పుడు అధికారిని నేనే. నాకు నేను అనుమతి ఇచ్చేశాను" అంది వింధ్య. అంతలోనే ఆమెకి ఏసీ సంగతి గుర్తొచ్చింది. "అయ్యో! సొంత విషయం తానే మంజూరు చేసుకోకూడదుగా! నా అర్జీమీద నేనెలా సంతకం పెడతాను?"

ఓ పది గజాలు సాగాక వింధ్య వెనక్కి తిరిగి బుల్లబ్బాయిని చూసింది.

"బాబాయ్, నన్ను దాటు."

"తప్పండమ్మా! ముప్ఫయ్యొక్కేళ్ళ సర్వీసులో ఎవర్నీ దాటలేదండి."

"ఇన్‌చార్జి మేనేజరుగా ఆదేశిస్తున్నాను."

"ఆయ్!" అన్నాడు బుల్లబ్బాయి. రెండు తొక్కుల్లో ముందుకెళ్ళిపోయాడు. అప్పుడు టైము ఎనిమిదీ నలభై మూడు.

సాగుతున్నవాడే అధికారి అన్నారు కనక ఆగి సంతకం పెట్టడానికి వీల్లేదు. వింధ్య బుట్టలోంచి అర్జీ, కలం, సిరా అద్దిన స్టాంపు తీసి భర్తకిచ్చింది. సింహాద్రి పరిగెత్తుకెళ్ళి బుల్లబ్బాయి పక్కన చేరాడు. బుల్లబ్బాయి రెండు చేతులూ వదిలేసి, గుడిలో విగ్రహంలా నిటారుగా కూర్చుని తొక్కుతున్నాడు.

"ఏం రాశారో చదవండి మాస్టారూ" అన్నాడు. "చదవకుండా సంతకం పెడితే పెద్ద సారుకీ నాకూ తేడా ఏటుంటాదండి?"

సింహాద్రి పరిగెడుతూనే చదివాడు. భార్యాభర్తలు ఒకేచోట పనిచేసే అవకాశం కల్పించమని, ఖాళీ పోస్టు ఉందని, ఎవరికీ ఇబ్బంది లేదని.

"ఇంతేనాండి?" అన్నాడు బుల్లబ్బాయి నమ్మలేనట్టు. "ఇన్ని రోజులూ ఆగింది ఇదేనాండి? వొంగండి మాస్టారూ."

సింహాద్రి వీపు బల్ల అయింది. పరుగు ఆగలేదు. సంతకం కొంచెం వంకరగా వచ్చింది, కానీ ఆ ఏడాది ఆ కార్యాలయంలో విషయం తెలుసుకుని పెట్టిన సంతకం అదొక్కటే. స్టాంపు మొదటిసారి కాగితం తప్పి సింహాద్రి తెల్ల చొక్కామీద పడింది. 'జిల్లా మేనేజరు, కాకినాడ' అని నీలంగా, స్పష్టంగా. రెండోసారి సరిగ్గా పడింది.

ఎనిమిదీ యాభై రెండుకి గేటు దాటారు. రాహేలమ్మ గారు పుస్తకంలో 'వచ్చినవారు ఇద్దరు' అని రాసుకుంది. ఒక పెద్దాయన వణికే చేతులతో బుల్లబ్బాయి మెళ్ళో బంతిపూల దండ వేశాడు. మిగతా పదకొండు మందీ వచ్చేసరికి గేటు మూసి ఉంది. సింహాద్రి మధ్యాహ్నం రైలుకే విశాఖపట్నం వెళ్ళి, మర్నాడు పొద్దున్న ప్రాంతీయ కార్యాలయం తలుపు తీస్తుండగానే కాగితం ఇచ్చి రసీదు పుచ్చుకున్నాడు.

అదే సోమవారం కాకినాడలో వైకుంఠరావు గారు గది తలుపులు వేయించి సమావేశం పెట్టారు.

"అటెండరు మేనేజరుగా సంతకం పెట్టడమేమిటి? అది చెల్లదు. వెంటనే విశాఖపట్నానికి టెలిఫోను చెయ్యండి."

"చెల్లదని రాయమంటే రాస్తాను సార్" అన్నారు సత్యవాణి గారు శాంతంగా. "కానీ ముందు సాగేవారే అధికారి అన్న నియమం బుల్లబ్బాయికి చెల్లకపోతే నాకూ చెల్లదు. నాకు చెల్లకపోతే నేను చేసిన మంజూరులేవీ చెల్లవు. ఈ ఏసీ విప్పించి వెనక్కి పంపాలి."

మే నెల ఆఖరు. బయట రోడ్డుమీద తారు కరుగుతోంది. గదిలో ఏసీ సన్నగా రొద చేస్తోంది. వైకుంఠరావు గారు దానికేసి చాలాసేపు చూశారు.

"ఆ తొమ్మిది నిమిషాలూ సక్రమమైనవే" అన్నారు చివరికి.

"సక్రమమైనప్పుడు బోర్డు కూడా సరిచెయ్యాలి సార్" అన్నారు సత్యవాణి గారు. ఆ మాట అనడానికి ఆవిడ నెల రోజుల నుంచి ఎదురుచూస్తున్నట్టు అప్పుడు అందరికీ తెలిసింది. మేనేజరు కుర్చీ వెనక గోడమీద, ఇంతవరకూ పనిచేసిన మేనేజర్ల పేర్లూ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో తేదీలూ రాసిన నల్లటి చెక్క బోర్డు ఉంటుంది. "నా పేరు ఏడుసార్లు."

వింధ్య బదిలీ ఉత్తర్వు జూన్ రెండో వారంలో వచ్చింది. అందరికీ చెప్పిపోదామని మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి పెయింటరు స్టూలెక్కి ఉన్నాడు. సత్యవాణి గారి పేరు ఏడుసార్లు అయిపోయింది. దాని కింద వింధ్య పేరు, రెండు నిమిషాలు. దాని కింద బుల్లబ్బాయి, 8.43 నుంచి 8.52 వరకు. ఆ కింద వైకుంఠరావు గారి పేరు మళ్ళీ రాస్తున్నాడు. ఆయన బుల్లబ్బాయి తరవాత వచ్చిన మేనేజరు అయ్యారు కనక, వచ్చే ఆదివారం యాత్రలో ఎవరు ఎవరి వెనక సాగాలన్న సందేహం మీద దస్త్రం అప్పటికే ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది.

"గీత తిన్నగా రాయి నాయనా" అని బుల్లబ్బాయి కింద నిలబడి పెయింటరుకి చెబుతున్నాడు. "మన తరవాతోళ్ళ పేరు వంకరొస్తే బాగోదు."

ఆ బోర్డు కిందే కుర్చీలో కూర్చున్న వైకుంఠరావు గారు ఫైలులోంచి తలెత్తలేదు.

వింధ్య రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదులుతుండగా ఫోను మోగింది.

"ఎక్కావా? సరే, చెప్పు. ఈ ఆదివారం ఏం చేద్దాం?" అన్నాడు సింహాద్రి.

"ఆదివారం సంగతి తరవాత" అంది వింధ్య. "సోమవారం ఏం చేద్దామో చెప్పండి ముందు."